తొట్టినుండి ఇంజనువఱకు: డీజిలు లారీలో చమురు నడచిన దారి

యంత్రముల చరిత్ర వ్రాయువారికి ఒక దురభ్యాసము కలదు. ఆవిరియంత్రమనగా వాట్ అనియు, డీజిలు యంత్రమనగా రుడాల్ఫ్ డీజిల్ అనియు ఒక పేరు చెప్పి, ఒక సంవత్సరము వేసి ముగింతురు. ఆ యంత్రమునకు వేళతప్పక ఆహారమందించు చిన్న పనిముట్టును గూర్చి ఒక్క పంక్తియైన వ్రాయరు. విందును వర్ణించువారు వంటయింటిలో దినమంతయు పొగలో నిలిచిన ఇల్లాలిని మఱచునట్టిదే యిదియు. అప్పుచేసి లారీ కొనిన గృహస్థునకు మాత్రము ఈ చిన్న పనిముట్టే ప్రాణసంకటము. ఇది చెడినప్పుడు తానొక్కతే చెడదు. తనకు పదిరెట్లు వెలగల మఱియొకదానిని వెంటబెట్టుకొని పోవును.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిసునగరమున జన్మించిన జర్మనుడు. 1892లో తన యంత్రమునకు పేటెంటు కోరెను. 1897 ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గు పట్టణమున ప్రొఫెసరు ష్రోటర్ దానిని పరీక్షింపగా, చమురునందలి శక్తిలో నూటికి 26 వంతులు పనిగా మారినట్లు తేలెను. ఆనాటి ఆవిరియంత్రములకు ఇది కలలోని మాట. 1900లో పారిసు ప్రదర్శనమున ఈ జాతి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచెను. తిండి విషయమున దానికి పట్టింపు లేదన్నమాట. చిక్కంతయు ఆ తిండిని లోపలికి పంపుటయందే యుండెను. గాలి మిక్కిలి నొక్కబడి కాగియున్న గదిలోనికి, అంతకు మించిన ఒత్తిడితో చమురును చిమ్మవలెను. డీజిల్ దీనికై వేఱుగా గాలిని నొక్కి, ఆ గాలితో చమురును ఊదించెను. ఆ గాలినొక్కు యంత్రము మిక్కిలి బరువైనది. ఓడలకును మిల్లులకును సరిపోయెను గాని బండికెక్కలేదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లీషు కాలువ దాటుచున్న ఓడనుండి ఆయన అదృశ్యుడాయెను. తన పేరు మోయు లారీని ఆయన చూడలేదు.

లారీ వచ్చినది మఱి పదేండ్లకు. 1923, 24 సంవత్సరములలో బెంజ్ వారును, ఎం.ఏ.ఎన్. వారును డీజిలు లారీలను వెలువరించిరి. 1927లో స్టట్‌గార్టులో రాబర్ట్ బాష్ కర్మాగారము చమురును నేరుగా చిమ్ము పంపులను వరుసగా తయారుచేయ నారంభించెను. గాలి సాయ మక్కఱలేకపోయెను. ఈ పంపులో ముషలమునకును దాని గొట్టమునకును నడుమ సందు మిల్లీమీటరును వేయిభాగములు చేసినచో రెండుమూడు భాగములు మాత్రమే. ఆ సందులో వేఱు కందెన లేదు. పోవు చమురే కందెన, అదియే చల్లదనము. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. ఇంత నాజూకైన పంపు చిమ్ముటలో ఘనమైనదే గాని, దూరమున నున్న తొట్టినుండి చమురును తెచ్చుకొనుటలో బలహీనము. కావున దానికి తెచ్చిపెట్టు చిన్న పంపొకటి వలసెను. మన మెకానిక్కులు ఫీడు పంపు అనునది అదియే.

తెచ్చిపెట్టుట యంత సులువా? 1908 మొదలు 1927 వఱకు తయారైన ఫోర్డు టి కారులో పెట్రోలుతొట్టి సీటు క్రిందనుండెను. పెట్రోలు తన బరువుచేతనే ఇంజనునకు జారెడిది. నిటారైన కొండదారిలో ఇంజను తొట్టికంటె ఎత్తునకు పోవుటచే పెట్రోలు అందక కారు నిలిచిపోయెడిది. అప్పుడు దానిని వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో కొండ నెక్కించెడివారు. నవ్వు వచ్చునుగాని, ఉన్న సాధనముతో అది తెలివైన ఉపాయమే.

పీల్చుటకు నొక హద్దు కలదు. పీల్చు పంపు నిజమునకు దేనిని లాగదు. తనయందు ఒత్తిడి తగ్గించుకొనును, బయటి గాలి బరువు ద్రవమును పైకి త్రోయును. గెలీలియో శిష్యుడగు టారిసెల్లి 1643 ప్రాంతమున ఈ సంగతి తేల్చెను. నీరైనచో పది మీటర్లకు పైచిలుకు మాత్రమే ఎక్కును. ఈ సిద్ధాంతము మన రైతునకు పుస్తకము చదువకయే తెలిసినది. నీటిమట్టము దిగినకొలది మోటారును బావిలోనికి దింపెను. అదియు చాలనప్పుడు బోరుగొట్టము అడుగుననే మునుగు మోటారు నమర్చెను. లారీలో ఎత్తు మీటరైన ఉండదు. అయినను పొడవైన గొట్టము, వంకరలు, మడ్డిపట్టిన వడపోత కలసి బావిలోతుతో సమానమగును. పీల్చువైపున సన్నని బీటయున్నచో చమురు బయటికి కారదు. గాలి లోపలికి చొచ్చును. ఆ దోషము కంటికి కనబడదు. త్రోయువైపున బీటయున్నచో నేలపై బొట్టుపడి తన్ను తానే చాటుకొనును.

పాత లారీలలో ఈ చిన్న పంపును ఇంజనే నడపెడిది. 1983 నుండి 1994 వఱకు అమెరికాలో ఫోర్డు లారీలకు బిగించిన 6.9, 7.3 లీటర్ల డీజిలు ఇంజనులలో ఒక పొర పైకి క్రిందికి కదలి చమురును తెచ్చును. ఆ పొర చిరిగినచో డీజిలు ఇంజను అడుగునగల కందెనలో కలియును. కొలపుల్లపై నూనె తఱుగవలసినది పెరుగుచుండును, ఎఱుగనివారు సంతోషింతురు. కందెన పలచబడి బేరింగులు అరిగిన పిమ్మటగాని అది శత్రువని తెలియదు. అందుచే పలువురు ఆ పంపును తీసి, రంధ్రమునకు మూతరేకు బిగించి, విద్యుత్తుతో నడచు పంపును చట్రముపై తొట్టిచెంత నమర్చుకొనిరి.

విద్యుత్ పంపు వచ్చినంతమాత్రమున పాతదోషము పోయెననుట పొరపాటు. ఇందుకు డాడ్జి లారీల కథయే సాక్ష్యము. 1989లో ఈ లారీలకు కమ్మిన్స్ వారి 5.9 లీటర్ల డీజిలు ఇంజను వచ్చెను. 1998 నడుమవఱకు చిన్న పంపు ఇంజనుచే నడచునదే. ఆ సంవత్సరము క్రొత్త ఇంజను, ఎలక్ట్రానిక్ పరికరము నెత్తిపై మోయు బాష్ వారి క్రొత్త చిమ్ముడు పంపు వచ్చెను. తెచ్చిపెట్టుటకు విద్యుత్ పంపు నేర్పరచిరి. కాని దానిని తొట్టిచెంత పెట్టక, పాతది కూర్చున్న వైపుననే, ఇంజను ప్రక్కకు బిగించిరి. త్రోయనేర్చినదానిని పీల్చుపనికి నియోగించిరన్నమాట. ఇంజను వేడియు, అదరును, పొడుగు గొట్టమును కలసి దానిని త్వరగా చంపుచుండెను.

అసలు కీడు అటుపైని. ఈ చిన్న పంపు చచ్చినను లారీ ఆగదు. పెద్ద పంపు తనలోని రెక్కలతో కష్టపడి చమురు నీడ్చుకొనును. డ్రైవరు ఏమియు నెఱుగక బరువులాగించును. లోపల కందెనయు చల్లదనమును తగ్గి పెద్ద పంపు కాలిపోవుచుండును. అది నిలిచిననాడు పెద్దదానికి క్రొత్తది వేయింతురు, చిన్నదానిని తడవిచూడరు, కొలది నెలలకు ఆ క్రొత్తదియు అదేత్రోవ పట్టును. ఎందఱు యజమానులు ఇట్లు రెండుమాఱులు ధనము పోగొట్టుకొనిరో! అనుభవించినవారు చిన్న పంపును తొట్టివైపునకు జరిపి, డ్రైవరు కంటియెదుట ఒత్తిడి తెలుపు గడియారము పెట్టుకొనిరి. చదరపు అంగుళమునకు పదినుండి పదునైదు పౌనులు ఉండవలసినది. అయిదునకు దిగెనా, బండి నాపవలెను.

అమర్చువారికి కొన్ని సంగతులు చెప్పుట అవసరము. పంపును తొట్టికి దగ్గఱగా, సాధ్యమైనంత క్రిందుగా బిగింపవలెను; దానికి ముందు ముతక వడపోత యుండవలెను. ఒత్తిడి ఇంజనునకు తగినదై యుండవలెను. పైన చెప్పిన ఫోర్డు ఇంజనులకు 6 పౌనుల ప్రాంతము చాలును, ఎక్కువైన మేలనుకొని చిమ్ముడు పంపు సీళ్లను పాడుచేసికొనరాదు. తీగ సన్ననిదైనచో పంపునకు చేరులోపల విద్యుత్ ఒత్తిడి పడిపోవును. కావున లావుతీగ, ఫ్యూజు, రిలే వలయును. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి. పాత పంపు ఇంజనుతో పాటు ఆగెడిది. విద్యుత్ పంపునకు ఆ యింగితము లేదు. బండి బోల్తాపడి గొట్టము తెగినను, తాళము తెఱచియున్నంతసేపు చమురును పోయుచునే యుండును. కావున ఇంజను కందెన ఒత్తిడి పడిపోగానే పంపు నాపు స్విచ్చి నమర్పవలెను. వంద రూపాయల మిగులుబాటుకు దీనిని మానువారు డ్రైవరు ప్రాణమునకు వెలకట్టుచున్నారు.

మనదేశమున ఈ కథ కొంత వేఱు. 1951లో బెంగుళూరున మైకో సంస్థ ఏర్పడి బాష్ వారి పంపులు ఇచటనే చేయసాగెను. 1954లో జంషెడ్పూరున టాటావారు డైమ్లర్-బెంజ్ వారితో కలసి లారీలు చేయ మొదలిడిరి. ఆ వంశపు పాత లారీలలో చిమ్ముడు పంపు ప్రక్కనే, దాని ఇరుసుచేతనే నడచు ముషలపు ఫీడు పంపు కలదు. దానిపై చేతితో నొక్కు పిడియొకటి యుండును. తొట్టి ఎండి గాలి పట్టినప్పుడు, క్లీనరు కుఱ్ఱవాడు నడిరాత్రి రోడ్డుప్రక్క టార్చిలైటు నోట కఱచుకొని, మర వదులుచేసి, నురుగు పోయి తేటచమురు వచ్చువఱకు ఆ పిడిని నొక్కును. ఈ పంపు బాగుగనున్న లారీకి విద్యుత్ పంపు పెట్టవలసిన పనిలేదు. విజయవాడ ఆటోనగరులో ఎవరైన దానిని తీసివేయుమని చెప్పినచో, ముందుగా వడపోతను, తొట్టిలోని మడ్డిని, పీల్చుగొట్టపు వాషర్లను చూపించుమని అడుగవలెను.