ఇరానీ హోటల్: ఒక్క చాయ్‌తో గంటసేపు కూర్చునే చోటు

హైదరాబాద్ ఇరానీ హోటల్లో పడుకోవడానికి గదులు ఉండవు. మన దగ్గర హోటల్ అంటే తినే చోటు. ఫజర్ నమాజ్ అయ్యేసరికి షట్టర్ లేస్తుంది, రాత్రి దాకా చాయ్ దొరుకుతుంది. బన్ మస్కా, బిస్కట్లు, సమోసాలకు టైమ్ అంటూ లేదు. "టిఫిన్ అయిపోయింది" అనే మాట అక్కడ పెద్దగా వినబడదు. వీధికో కొత్త కెఫే వచ్చినా జనం ఇంకా వీటినే ఎందుకు వెతుక్కుంటున్నారు? అయినా ఇవి ఎందుకు తగ్గిపోతున్నాయి?

ఇరాన్ నుంచి ఎలా వచ్చాయి?

ఇరాన్‌తో హైదరాబాద్ బంధం చాయ్ కన్నా పాతది. 1591లో ఈ నగరానికి నక్షా గీసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవారే. 1880ల దాకా నిజాం సంస్థానంలో పర్షియన్ అధికార భాషగా నడిచింది. ఆ తర్వాత 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో యజ్ద్ ప్రాంతం నుంచి కరువు వల్ల, బతుకుతెరువు కోసం చాలామంది ముంబై మీదుగా ఇక్కడికి చేరారు. ముంబైలో ఇరానీ కెఫేలు పెట్టినవారిలో జొరాస్ట్రియన్లు ఎక్కువ. హైదరాబాద్‌లో మాత్రం ఎక్కువగా షియా ముస్లింలు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935లో మొదలైంది.

దమ్ చాయ్ తయారీ

మన ఇళ్లలో పాలు, నీళ్లు, చాయ్‌పత్తా అన్నీ ఒకే గిన్నెలో మరిగిస్తాం. ఇరానీ చాయ్‌కి రెండు పొయ్యిలు కావాలి. ఒకదాని మీద రాగి లేదా ఇత్తడి హండీలో డికాక్షన్ మూతపెట్టి, ఆవిరి పోకుండా సన్నటి మంట మీద దమ్ అవుతుంది. రెండో దాని మీద పాలు చిక్కబడేదాకా కాగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. అందుకే ఏ టైమ్‌కి వెళ్లినా ఒక్క నిమిషంలో చాయ్ టేబుల్ మీదికి వస్తుంది.

అక్కడి మాటలు

పౌనా: డికాక్షన్ తక్కువ, పాలు ఎక్కువ.

ఏక్ మే దో: ఒక చాయ్ ఇద్దరికి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఉస్మానియా: కొంచెం తీపి, కొంచెం ఉప్పు ఉండే బిస్కట్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం మొదట చేయించారని చెప్పుకుంటారు.

ఛోటా సమోసా: పల్చటి పొరలో ఉల్లిపాయ పెట్టి వేయించింది. పాత పద్ధతిలో ప్లేటు నిండా తెచ్చి పెడతారు, తిన్నవాటికే డబ్బులు.

పొద్దున్నే వెళ్తే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా ఉంటాయి. పాతబస్తీ వైపు నహారీ, పాయా కూడా దొరుకుతాయి. అరబీలో నహార్ అంటే పగలు. నహారీ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఇవి మాత్రం ఆలస్యం చేస్తే అయిపోతాయి. జిల్లాల నుంచి తెల్లవారుజామున సికింద్రాబాద్‌లో రైలు దిగేవారికి స్టేషన్ ఎదురుగా ఉన్న ఆల్ఫా హోటల్ తెలిసిందే.

కుర్చీ లెక్క

చాయ్ రుచి ఒక్కటే అయితే పార్సిల్ తెచ్చుకుని ఇంట్లోనే తాగొచ్చు. జనం వెళ్లేది కూర్చోవడానికి కూడా. ఆసుపత్రిలో పేషెంట్‌ని చూపించి రిపోర్టు కోసం ఆగేవాళ్లు, ఇంటర్వ్యూకి గంట ముందు వచ్చిన పిల్లలు, రిటైరైన చాచాలు, ఆటోవాలాలు, అందరికీ అదే టేబుల్. ఆబిడ్స్‌లో ఒకప్పటి ఓరియంట్ హోటల్లో మఖ్దూమ్ మొహియుద్దీన్ లాంటి కవులు కూర్చుని మాట్లాడుకునేవారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

సమస్య కూడా ఈ కుర్చీ దగ్గరే ఉంది. ఉదాహరణకు చాయ్ 20 రూపాయలు అనుకుందాం. నలుగురు ఒక టేబుల్ దగ్గర గంట కూర్చుంటే గల్లాలో పడేది 80 రూపాయలు. అదే టేబుల్ దగ్గర నలుగురు 250 చొప్పున బిర్యానీ తింటే 1,000. మెయిన్ రోడ్డు మూల మీది షాపుకి అద్దె పెరిగినప్పుడు ఓనర్ ఏం చేస్తాడు? కొందరు బిర్యానీకి మారారు. 1953లో సికింద్రాబాద్‌లో సినిమా హాలు పక్కన చిన్న కెఫేగా మొదలైన ప్యారడైజ్ ఇప్పుడు బిర్యానీకే పేరు. కొందరు కుర్చీలు తీసేసి నిలబడి తాగే కౌంటర్ పెట్టారు. వారసులు వేరే పనుల్లోకి వెళ్లిపోయిన చోట బిల్డింగే అమ్ముడుపోయింది.

ఓనర్‌ని తప్పుపట్టలేం. కానీ చాయ్ బతికి కుర్చీ పోతే నష్టం ఎవరికి? డబ్బున్నవాళ్లకు ఏసీ కెఫేలు ఉన్నాయి. జేబులో 20 రూపాయలే ఉన్న మనిషికి ఎండలో గౌరవంగా కూర్చునే ఇంకో చోటు దొరకడం కష్టం.

ఆడవాళ్ల సంగతి

ఇరానీ హోటల్ "అందరిదీ" అంటారు గానీ చాలాకాలం అది మగవాళ్ల అడ్డానే. ఆడవాళ్ల కోసం లోపల పరదా కట్టిన ఫ్యామిలీ క్యాబిన్ ఉండేది, లేదంటే ఇంటికి పార్సిలే. ఇప్పుడు కాలేజీ అమ్మాయిలు, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు మామూలు టేబుళ్ల దగ్గరే కూర్చుంటున్నారు. ఫ్యామిలీ సెక్షన్ శుభ్రంగా పెట్టిన చోటికి అమ్మీలు, ఖాలాలు కూడా వస్తున్నారు. హోటల్‌వాళ్లకు ఇది కొత్త గిరాకీ. కుర్చీలు నిలబెట్టుకోవడానికి ఒక దారి కూడా.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు పొద్దున 9 తర్వాత, మధ్యాహ్నం భోజనాల రద్దీకి ముందు టైమ్ బాగుంటుంది. పిల్లలకు పౌనా చెప్పండి. చాయ్‌తో పాటు నాలుగు సమోసాలు, ఇంటికి ఒక పావుకిలో ఉస్మానియా తీసుకుంటే ఆ టేబుల్ లెక్క ఓనర్‌కీ కాస్త కుదురుతుంది.