వైద్యుడు వచ్చులోపల

కళాశాల ఆటస్థలమున ఒక విద్యార్థి హఠాత్తుగా కూలిపోయినాడనుకొందము. వైద్యుడు వచ్చుటకు కొంత వ్యవధి పట్టును. అంతవరకు తోటి విద్యార్థులు ఏమి చేయగలరు? ఈ ప్రశ్నకు నేడొక సమాధానమున్నది. దాని వెనుక నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు.

విజయనగర మహారాజా కళాశాల 1857లో పాఠశాలగా వెలసి, 1879లో కళాశాల యైనది. గురజాడ అప్పారావుగారు చదివినదీ, పాఠము చెప్పినదీ అచ్చటనే. ఆ పాఠశాల తెరచిన రెండేండ్లకు, 1859లో, ఇటలీలోని సాల్ఫరినో యుద్ధమున గాయపడిన వేలాదిమందికి వైద్యులు చాలలేదు. సమీపమున నున్న ఊరి స్త్రీలే గాయములు కడిగి కట్లు కట్టిరి. దానిని కన్నులార చూచిన హెన్రీ డ్యునాంట్ తలపునుండి రెడ్ క్రాసు పుట్టినది. మన దేశమున ఆ సంఘము 1920లో ఏర్పడినది.

గాయమునకు కట్టు కట్టవచ్చును. ఆగిన గుండె మాటేమి? ఒకప్పుడు ఱొమ్ము కోసి గుండెను చేతితో పిసుకవలసి యుండెను. 1958లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున నికర్‌బాకర్ అను పరిశోధక విద్యార్థి, గుండె ఆగిన కుక్క ఱొమ్ముపై విద్యుత్ పలకలను గట్టిగా అదిమినప్పుడు రక్తపుపోటు కొంత పెరుగుట గమనించెను. ఆచార్య కోవెన్‌హోవెన్, వైద్యుడు జూడ్‌లతో కలసి అతడు 1960లో ఆ పద్ధతిని ప్రకటించెను. ఱొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మార్లు బలముగా అదుముట శిక్షణ పొందిన విద్యార్థికి అసాధ్యము కాదు.

మన దేశమున 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము మొదలైనది. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు బయలుదేరినవి. కాని గుండె ఆగిన నాలుగైదు నిమిషములకే మెదడు చెడనారంభించును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు ఉద్దానపు కొబ్బరిచెట్లు దారుల కడ్డముగా కూలినవి. అట్టి వేళ దూరపు ఆసుపత్రికన్న చెంతనున్న చేయియే దిక్కు.

చిరకాలము మనవారి చేతులను పట్టి ఆపినది తెలియనితనము మాత్రమే కాదు. ఠాణా, సాక్ష్యము, కోర్టు అను భయము కూడను. రోడ్డు ప్రమాదములలో ఆదుకొనువారిని రక్షించు మార్గదర్శక సూత్రములకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలము కల్పించినది. 2019లో ఆ రక్షణ మోటారు వాహనముల చట్టముననే చేరినది.

భయమునకు కారణము తగ్గినది, నేర్పు మిగిలియున్నది. మీ యింట కళాశాలకు పోవు అబ్బాయి గాని అమ్మాయి గాని యున్నచో, ఈ విద్య నేర్చినారా యని ఈ సాయంకాలమే అడిగి చూడుడు. దీని పరీక్షకు ముందుగా తేదీ ప్రకటింపరు.