బ్రిక్ లేన్‌లో కూర ఎవరిది?

లండన్ వచ్చిన కొత్తల్లో నాకు అందరూ ఇచ్చిన సలహా ఒకటే: "ఇండియన్ ఫుడ్ తినాలనిపిస్తే బ్రిక్ లేన్ వెళ్ళు." ఇచ్చినవాళ్ళంతా ఆఫీసులో తెల్లవాళ్ళు. ఈస్ట్ హామ్‌లో నాతో ఉన్న మనవాళ్ళు మాత్రం ఆ పేరు ఎత్తితే నవ్వేవారు. ఆ నవ్వు ఎందుకో తెలుసుకుందామని ఒక శనివారం డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగాను.

మెనూలో మద్రాస్ చికెన్ కనబడింది. మద్రాసు మనకి పొరుగూరే కదా అని ధైర్యంగా ఆర్డరిచ్చాను. వచ్చింది ఎర్రటి గుజ్జులో నాలుగు మాంసం ముక్కలు. కారం ఉంది, కొంచెం తీపీ ఉంది, మద్రాసు మాత్రం లేదు. పక్క టేబులువాళ్ళ కోర్మా అయితే చూడ్డానికి పాయసంలా ఉంది. బిల్లు తెచ్చిన పెద్దాయన్ని హిందీలో "మీది ఎక్కడ భాయ్?" అన్నాను. "సిల్హెట్" అన్నాడు. బయట బోర్డు మీద ఇండియన్ అని ఉంది, లోపల అంతా బంగ్లాదేశ్, పళ్ళెంలో మద్రాసు పేరు. అదిగో, అక్కడ పట్టుకుంది నాకు ఈ వీధి పిచ్చి. తరవాత ఎన్ని శనివారాలు అక్కడే తిరిగానో లెక్కలేదు.

బ్రిక్ లేన్, ఫోర్నియర్ స్ట్రీట్ కలిసే మూల ఒక ఇటుకల భవనం ఉంది. ఈ వీధి చరిత్రంతా ఆ ఒక్క కట్టడం చెప్పేస్తుంది. 1743లో దాన్ని ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు చర్చిగా కట్టుకున్నారు. 1809లో యూదుల్ని క్రైస్తవంలో కలుపుదామనుకున్న ఒక సంఘం చేతికి వెళ్ళింది (ఆ పని పెద్దగా సాగలేదు). 1819లో మెథడిస్టులు వచ్చారు. 1890ల చివర, విధి వైచిత్రి అంటే ఇదే, యూదుల సినగాగ్ అయింది. 1976లో మసీదయింది. గోడ మీద 1743 నాటి నీడ గడియారం ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్‌లో రెండు మాటలున్నాయి: మనం నీడలం అని అర్థం.

మొదట వచ్చిన ఆ ఫ్రెంచివాళ్ళు హ్యూగనాట్లు. 1685లో పద్నాలుగో లూయీ వాళ్ళ మతానికున్న రక్షణ తీసేస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయారు. ఇంగ్లాండు చేరినవాళ్ళు సుమారు 50 వేలమంది అంటారు. ఇంగ్లీషులో రెఫ్యూజీ అన్న మాట వాడుకలోకి వచ్చిందే వీళ్ళ వల్ల. వాళ్ళలో పట్టునేత వచ్చినవాళ్ళు ఈ స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో మగ్గాలు పెట్టారు. పెద్ద పెద్ద కిటికీలున్న పై అంతస్తులు ఇప్పటికీ కనిపిస్తాయి, మగ్గానికి వెలుతురు కావాలి కదా.

ఇక్కడ మనకి సంబంధించిన ముక్క ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. మన కోరమాండల్ తీరం అద్దకాలు, కలంకారీ బట్టలు ఆ తరవాత లండన్ ఆడవాళ్ళకి తెగ నచ్చాయి. ఉతికితే రంగు పోదు, ధర తక్కువ. పట్టునేతకి గండి పడింది. 1697లో నేతగాళ్ళు కంపెనీ ఆఫీసు మీదే పడ్డారు. 1719లో అయితే వీధుల్లో అద్దకం బట్ట కట్టుకున్న ఆడవాళ్ళని వెంటాడి బట్టలు చింపారు, సిరా, ఆమ్లం చల్లారు. కాందిశీకులు స్థిరపడ్డ ఈ పేటే ఆ గొడవకి కేంద్రం. చివరికి 1721లో పార్లమెంటు అద్దకం నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం 1774 దాకా పోలేదు. మా నాన్నమ్మ పెట్టెలో ఉన్న పెడన దుప్పటి లాంటిది కప్పుకుని ఆరోజుల్లో ఈ వీధిలో నడిస్తే తన్నులు తినేవాణ్ణన్నమాట! ఒక తరం ముందు ప్రాణభయంతో వచ్చిన చోటే, పరాయి సరుకు మా పొట్ట కొడుతోందన్న గొడవ. ఇది చదివాక నాకు హ్యూగనాట్ల మీద కోపం రాలేదు గానీ, ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో చివర్లో చెప్తాను.

1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తరవాత యూదుల మీద దాడులు మొదలయ్యాయి. వేలకి వేలు ఓడలెక్కి లండన్ రేవులో దిగి, రేవుకి దగ్గరగా అద్దె తక్కువున్న ఈ వీధుల్లోనే తలదాచుకున్నారు. దర్జీ పని చేసేవారు, ఒక్కో గదిలో ఏడెనిమిదిమంది. వాళ్ళని ఆపడానికే 1905లో ఏలియన్స్ యాక్ట్ వచ్చింది. వాళ్ళు వదిలివెళ్ళిన తిండి మాత్రం ఇప్పటికీ ఉంది. బ్రిక్ లేన్ పై కొసన 1974లో తెరిచిన బేగల్ బేక్‌లో మధ్యలో చిల్లున్న రొట్టెని ముందు నీళ్ళలో ఉడికించి తరవాత కాలుస్తారు. అందుకే అంత సాగుతుంది. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే కొట్టది. రిలీజు రాత్రి పని ముగించుకుని మూడింటికి అక్కడ బేగల్ తిన్న అనుభవం నాకుంది. గొడ్డుమాంసం తినేవాళ్ళు ఉప్పులో ఊరబెట్టిన మాంసం, ఆవాల ముద్ద పెట్టింది తీసుకుంటారు, మిగతావాళ్ళకి చేప ఉంది.

చేపంటే గుర్తొచ్చింది. ఇంగ్లీషువాళ్ళ జాతీయ వంటకం ఫిష్ అండ్ చిప్స్ కదా? పిండిలో ముంచి నూనెలో వేయించిన చేపని ఇక్కడికి తెచ్చింది స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేస్తే వచ్చిన యూదులు. 1860 ప్రాంతంలో ఈస్ట్ ఎండ్‌లో దాన్ని ఆలూ వేపుడుతో కలిపి అమ్మినవాడు జోసెఫ్ మాలిన్, ఆయనా యూదుడే అంటారు. ఆ తరవాత నలభై అయిదేళ్ళకే ఏలియన్స్ యాక్ట్. పొట్లం అయితే కావాలి, కట్టినవాడు మాత్రం రాకూడదు.

ఇక సిల్హెట్‌వాళ్ళు. బ్రిటిష్ ఓడల్లో బొగ్గు కొలిమి దగ్గర పనికి కలకత్తాలో లాస్కర్లని ఎక్కించేవారు. తెల్ల నావికుల జీతంతో పోలిస్తే వీళ్ళది చాలా తక్కువ, వేడి మాత్రం పూర్తిగా వీళ్ళదే. లండన్ రేవులో ఓడ ఆగగానే కొందరు దిగి మాయమైపోయేవారు. అలా దిగి ఊరు తెలియకుండా తిరిగేవాళ్ళకి 1920ల నుంచి అయూబ్ అలీ మాస్టర్ లాంటివాళ్ళు అన్నం పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు, ఇంటికి ఉత్తరం రాసిపెట్టారు. ఈ ముసలి నావికుల మాటల్నే కారొలైన్ ఆడమ్స్ 1987లో పుస్తకంగా వేసింది. ఇక్కడికొచ్చిన మొదటి వారంలో ఈస్ట్ హామ్ రూములో ముక్కూ మొహం తెలియని గుంటూరు అబ్బాయి నాకు పరుపిచ్చి, సిమ్ కార్డు కొనిపెట్టి, బ్యాంకు అకౌంటుకి తోడొచ్చాడు. నూరేళ్ళు గడిచినా పద్ధతి మారలేదు.

యుద్ధం తరవాత వాళ్ళు పాత కాఫీ హోటళ్ళు కొని, చేపలు, చిప్స్‌తో పాటు కూర, అన్నం పెట్టారు. పబ్బులు మూసేశాక తాగి వచ్చేవాళ్ళకి తెరిచి ఉండే హోటలు ఇదొక్కటే. ఇందులో చాలామంది వంటవాళ్ళు కారు, కొలిమి మనుషులు. పని చేస్తూ నేర్చుకున్నారు. వాళ్ళు కనిపెట్టిన పద్ధతి చూస్తే ఇంజినీరుగా నాకు ముచ్చటేస్తుంది. పొద్దున్నే పెద్ద డేగిశాలో ఉల్లి, అల్లం, వెల్లుల్లి, మసాలా ఉడికించి మెత్తగా రుబ్బి పెట్టుకుంటారు. ఆర్డరు రాగానే అందులో క్రీము, కొబ్బరి వేస్తే కోర్మా, కారం పెంచితే మద్రాస్, ఇంకా పెంచితే విందాలూ, పప్పు వేస్తే ధన్సాక్. ఒక లైబ్రరీ రాసిపెట్టుకుని పారామీటర్లు మార్చి పిలవడమే. పది నిమిషాల్లో టేబులు మీదకి. నేను తిన్న "మద్రాస్" ఒక ఊరు కాదు, కారం స్థాయి! అది తెలిశాక దాని మీద నా కోపం పోయింది.

2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్, చికెన్ టిక్కా మసాలాయే అసలైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు. బాగానే ఉంది. కానీ ఈ వీధికి దగ్గర్లోనే 1978 మే 4 సాయంత్రం ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. అల్తాబ్ అలీ అనే పాతికేళ్ళ బంగ్లాదేశీ కుర్రాడు బట్టల కార్ఖానాలో పని ముగించుకుని ఇంటికి నడుస్తుంటే ముగ్గురు కుర్రాళ్ళు ఆడ్లర్ స్ట్రీట్‌లో పొడిచి చంపేశారు. ఆరోజుల్లో ఆదివారం ఆదివారం నేషనల్ ఫ్రంట్ వాళ్ళు బ్రిక్ లేన్ చివర నిలబడి తమ పత్రిక అమ్మేవారు. పది రోజుల తరవాత సుమారు 7 వేలమంది అతని శవపేటిక వెనక ప్రధాని ఇంటిదాకా నడిచారు. 1998లో అక్కడి పార్కుకి అతని పేరు పెట్టారు. మధ్యాహ్నం ఆ గడ్డి మీద కూర్చుని బాక్సులు తినేవాళ్ళని చూస్తూ ఉంటాను. బాక్సులో చాలాసార్లు కూరే. 1999 ఏప్రిల్ 24న కూడా ఈ వీధిలో మేకుల బాంబు పేల్చారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు.

ఇప్పుడా హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 2000ల మధ్యలో ఇక్కడ 60 కర్రీ హోటళ్ళుంటే, 2020 నాటికి 23 మిగిలాయని రన్నీమీడ్ ట్రస్ట్ లెక్క. అద్దెలు పెరిగాయి. పిల్లలు చదువుకున్నారు, రోజూ అర్ధరాత్రి దాకా నూనె పొగలో ఎవరు నిలబడతారు? వాళ్ళూ బ్యాంకుల్లో, ఐటీలో ఉన్నారు, నాతో పనిచేసే ఒకమ్మాయి తాతది ఇదే వీధిలో హోటలు. ఇంకో కారణం వీసా. నైపుణ్యం ఉన్నవాళ్ళ వీసాకి కావలసిన కనీస జీతం 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. మన రూములో ఆ రోజు చర్చంతా మన జీతాలు దాటతాయా లేదా అనే. దాటినవాళ్ళలో ఒకడు, "మంచిదే, అడ్డమైనవాళ్ళు రారు" అన్నాడు. వంటవాళ్ళ గురించి అన్నాడు. నేనూ తలూపాను. ఆ తలూపడమే హ్యూగనాట్ల దగ్గర నాకు గుచ్చుకున్నది.

అదే ఏడాది ఆగస్టులో ఈ దేశంలో అల్లర్లు జరిగినప్పుడు, ఇంటినుంచి పనిచేసుకోండని మా మేనేజరు మెయిల్ పెట్టాడు. నాలుగు రోజులు గుమ్మం దాటలేదు. రాళ్ళు విసిరేవాడు జీతం స్లిప్పు అడగడు కదా.

మొన్నీమధ్య మళ్ళీ ఆ మద్రాస్ హోటలుకి వెళ్ళాను. మధ్యాహ్నం నాలుగయింది, ఎవరూ లేరు. ఆ పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు వెనక బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. వాసన చూడగానే మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది: ఎండుచేపలు! వాళ్ళు శుట్కీ అంటారు. అది మెనూలో ఎందుకు లేదని అడిగితే నవ్వేశాడు. "ఈ వాసనకి కస్టమరు పారిపోతాడు భాయ్, యాభై ఏళ్ళుగా ఇది మాకే వండుకుంటాం."

నాకు పెట్టమన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కుర్చీ జరిపి, పళ్ళెం పెట్టాడు. పచ్చిమిరపకాయలు కూడా పెట్టాడు. చెమటలు పట్టాయి, ముక్కు కారింది, రెండోసారి అన్నం అడిగాను. బిల్లు అడిగితే మాత్రం తీసుకోలేదు.