జవహర్ ఆటోనగర్, విజయవాడ

నగరం తూర్పు అంచున, 1960లలో మోటారు మరమ్మతు షెడ్లకూ లారీ బాడీలు కట్టేవారికీ ప్రత్యేకంగా వెలసిన పారిశ్రామిక వాడ. ఇంద్రకీలాద్రికీ కృష్ణకీ రైలు పట్టాలకీ మధ్య ఇరుక్కున్న పాత నగరం వన్ టౌన్ సందుల్లో లారీ మలుపు తిప్పడమే గగనం. బాడీ కట్టడం మాట దేవుడెరుగు. ఆటోనగర్‌లో మాత్రం ఒట్టి ఛాసిస్‌తో వచ్చిన బండి కేబిన్, తొట్టి, రంగులు దిద్దుకుని బయటికెళ్తుంది. ఇలాంటి వాడల్లో ప్లాన్ల పరిశీలన, అనుమతులు 1973లో ఏర్పడిన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ) కింది స్థానిక ప్రాధికార సంస్థ చూస్తుంది. సెట్‌బ్యాకులు, రోడ్డు వెడల్పు, అగ్నిమాపక దారి చూడటం మామూలే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నగరంలోని సింగ్ నగర్‌ను ముంచెత్తాక, డెల్టా నక్షాల్లో ముందు చూడాల్సింది వాన నీరు పోయే దారినే.