అస్తరు కింది చరిత్ర

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కి పోయినవాళ్లు అక్కడి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ముందు ఆగకుండా రారు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. బండి వచ్చేసరికి ఆయన లేడు, 1911 ఆగస్టులోనే కన్నుమూశాడు. ఇంతవరకు అందరూ చెప్తారు. అయితే ఏ బండీ వందేళ్లు తనంత తాను మెరవదు. ఎవరో ఒకరు తుప్పు గీకాలి, ఎవరో రంగు వేయాలి. ఆ చేతుల సంగతి ఏ కార్ల చరిత్రలోనూ ఒక పేరాకి మించి దొరకదు.

మేం నిజాం కార్ల వైభవం పాడడానికి కూర్చోలేదు. నవాబీ అంతా మీదే కదా అని బయటివాళ్లు మమ్మల్ని నిలదీస్తారు. అవును మాదేనని మాలోనే కొందరు మీసం దువ్వుతారు. మా తాతల్లో ఆ కారెక్కిన వాళ్లెందరు? మాలో ఎక్కువమందికి కారుతో ఉన్న సంబంధం సీటు మీద లేదు. మడ్‌గార్డు కింద ఉంది, తలుపు సందులో ఉంది. అక్కడి చరిత్ర చెప్పాలని మా ప్రయత్నం.

మొదట రంగు కథ. తొలినాటి కార్లు గుర్రపు బగ్గీల వారసులు. కొయ్య చట్రం మీద రేకు బిగించి, నూనె వార్నిషు కుంచెతో పూసేవారు. ఒక పూత ఆరాలి, రుద్దాలి, మళ్లీ పూయాలి. ఒక బండికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగు తెచ్చింది. జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లు దాంతో ముందుగా నీలంగా మెరిశాయి. స్ప్రే గన్నుతో కొడితే చిటికెలో ఆరే రంగు అది. వారాల పని రోజులకు దిగింది. ఆ బ్రాండు పేరు మన షెడ్లలో రంగు పేరే అయిపోయింది. ‘డ్యూకో కొట్టించావా’ అని అడిగేవాళ్లు నిన్నమొన్నటిదాకా ఉన్నారు.

ఈ వేగంలో ఒకటి పోయింది. కుంచె మూలకు పోతుంది, మడత కిందికి దూరుతుంది. గన్ను దాని కంటికి ఎదురైన చోటే కొడుతుంది. ఇరుకు మూలలో గాలి గోడకు తగిలి వెనక్కి తన్నుతుంది, రంగును కూడా తనతో తెచ్చేస్తుంది. పైన అద్దంలా మెరిసే బండి లోపలి మడతలో పచ్చి రేకుగా మిగిలిపోతుంది. తుప్పు అక్కడే పుడుతుంది. మా ఉస్తాదులు దాన్ని జంగ్ అంటారు. జంగ్ అంటే యుద్ధం కూడా. రాతలో అక్షరాలు వేరు, మా నోట్లో రెండూ ఒకటే.

ఈ పనిలోకి మావాళ్లు ఎట్లా వచ్చారు? నిజాం రైల్వే 1932లో రోడ్డు రవాణా శాఖ పెట్టింది, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. మోటారు పని తెలిసిన చేతులు ఈ నేలమీద తయారవడం అప్పటికే మొదలైంది. తర్వాత 1948 సెప్టెంబరు వచ్చింది. పోలీసు చర్య అన్నారు. నిజాం సైన్యం చెదిరింది, సర్కారీ కొలువులు పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు పోతే పోయాడు, అతని నీడన బతికిన నౌకరు, గుర్రపు సాయిసు, సిపాయి ఏమైపోయారు? రిక్షా తొక్కారు, సైకిలు షాపు పెట్టారు, మోటారు షెడ్డులో చేరారు. పుత్లీబౌలీ, జాంబాగ్, గోషామహల్ గల్లీల్లో ఇనుము వాసన ఆ కడుపుల ఆకలితో కూడా కలిసింది. ఈ పనిలో మేమే ఉన్నామని కాదు. కమ్మరి, వడ్రంగి ఇళ్ల బిడ్డలూ పక్కనే ఉన్నారు. తిండిగిన్నె మార్చుకున్నారు, పనిముట్టూ మార్చుకున్నారు.

అంబాసిడర్ వాళ్లందరి బడి. 1957లో మొదలై 2014లో ఆగిపోయిన బండి. దానికి విడి చట్రం లేదు, బాడీయే చట్రం. కాబట్టి తలుపుల కింది బోలు పెట్టెలో జంగ్ పడితే పోయేది అందం ఒక్కటే కాదు, బండి నడుమే విరుగుతుంది. తలుపు అడుగున నీళ్లు కారడానికి చిన్న చిల్లులుంటాయి. మట్టితో అవి మూసుకుంటే వానాకాలమంతా నీళ్లు లోపలే. డిక్కీ కాలువ, రూఫు అంచు, చక్రం పైని కమాను మడత, హెడ్‌లైటు వెనక గిన్నె — జంగ్ దాక్కునే తావులివి.

తెలిసిన ఉస్తాదు ముందు బండిని విప్పుతాడు. రబ్బరు బీడింగు తీస్తాడు, తలుపు లోపలి అట్ట ఊడదీస్తాడు. కన్ను పోని చోటికి చేతి అద్దం పెడతాడు, అదీ పోకపోతే వేలు పెట్టి తడుముతాడు. తీగ బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుప్పును చంపి, కడిగి పూర్తిగా ఆరబెడతాడు. తర్వాత అస్తర్. అస్తర్ అంటే ఉర్దూలో షేర్వానీ లోపలి గుడ్డ. మన తెలుగు దర్జీలూ అస్తరనే అంటారు. రంగు పనిలో అది మొదటి పూత, ప్రైమరు. మడతల్లో దాన్ని కుంచెతోనే నింపుతాడు. ఆపైన చిన్న గన్ను, తక్కువ గాలి, సన్నని ధార. ముందు మూలలు, ఆఖర్న మైదానం. పలుచగా, ఆగి ఆగి. మూలలో ఒకేసారి మందంగా పడితే థిన్నరు లోపల చిక్కుకుంటుంది, తర్వాత బుడగలై పేలుతుంది. చివరికి బోలు పెట్టెల్లో మైనం పట్టించి, నీటి చిల్లులు తెరిచి ఉన్నాయో లేదో చూస్తాడు.

అద్దాలకు రంగు పడకుండా పాత పత్రికలు అంటిస్తారు. ఉర్దూ పత్రికలో అల్లా పేరు ఉండవచ్చని ఉస్తాదులు దాన్ని ముట్టరు. అందుకని తెలుగు పత్రికే అంటిస్తారు. రెండు భాషల్లో రాసుకు బతికే మాకు ఇది నవ్వూ తెప్పిస్తుంది, ఆలోచనా తెప్పిస్తుంది. మా ఉర్దూ రాత అటక మీద భద్రం, మా తెలుగు రాత డ్యూకో కింద.

చరిత్రకారులు నేర్చుకోవలసిన సంగతి ఇంకొకటుంది. బండి పుట్టినప్పటి రంగు తెలుసుకోవాలంటే బానెట్టు చూసి లాభం లేదు. అది ఎండకు వెలిసింది, నాలుగుసార్లు మారింది. డాష్‌బోర్డు వెనక, తలుపు కీలు సందులో, కార్పెట్టు కింద చూడాలి. ఎవరి చేయీ పోని చోటే అసలు రంగు బతికి ఉంటుంది. అందుకే మంచి ఉస్తాదు లోపల కొంత మేర ముట్టకుండా వదులుతాడు. ఈ నగరం కథకైనా ఇదే లెక్క. మినార్లు చూసి మమ్మల్ని చదివేవాళ్లు బానెట్టు చూసి పోతున్నారు.

ఈ పనికి ధర ఊపిరితిత్తులు కట్టాయి. పాత రంగుల్లో సీసం ఉండేది, పొడిగా రుద్దితే ముక్కులోకి పోయేది. తర్వాత వచ్చిన రెండు డబ్బాల పాలియురేథేన్ రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటితో ఉబ్బసం వస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ముక్కుకు దస్తీ కట్టుకుంటే అవి ఆగవు, గాలి సరఫరా ఉన్న మాస్కు కావాలి. చిన్న షెడ్డులో అది ఎక్కడిది? 2006లో సచార్ కమిటీ లెక్క తీసింది. పనిచేసే ముస్లింలలో 61 శాతం సొంత పనుల మీదే బతుకుతున్నారు, హిందువుల్లో 55 శాతం. మోటారు మరమ్మతు మావాళ్లు గుమికూడిన పనుల్లో ఒకటని కూడా చెప్పింది. సొంత పని అంటే వినడానికి బాగుంటుంది. పింఛను లేదు, సెలవు లేదు, దగ్గు వస్తే దవాఖానా ఖర్చు సొంతం అని దాని అర్థం.

1960ల్లో ఫోర్డ్ కంపెనీ బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి, కరెంటుతో మూలమూలకూ పట్టించే పద్ధతి మొదలుపెట్టింది. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఉస్తాదు వేలు చేసే పని తొట్టి చేస్తోంది. పాత బండ్లకే ఇప్పుడు ఆ వేలు కావాలి. 2021లో కేంద్రం వింటేజి బండ్లకు నియమాలు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషనై యాభయ్యేళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నెంబరు ఇస్తారు. మంచిదే.

యాభయ్యేళ్లు నిలిచిన రేకుకు సర్కారు గుర్తింపు ఇచ్చింది. ఆ రేకును నిలబెట్టి యాభయ్యేళ్లకే ఆయాసపడుతున్న మనిషికి ఏ అక్షరాలిస్తారు? మేం దయ అడగడం లేదు. అతని పనికి కూలీ, అతని ఊపిరికి మాస్కు, అతని పేరుకు చరిత్రలో ఒక వాక్యం అడుగుతున్నాం.