ఒక సంకేతం, అనేక చట్రాలు: బహుళ తెరల స్లయిడ్ ప్రదర్శన చరిత్ర

ఉపోద్ఘాతం

తాళపత్రం అడ్డంగా సాగి ఉంటుంది; శాసనస్తంభం నిలువుగా లేచి ఉంటుంది. ఈ రెండింటి ఛాయాచిత్రాలనూ ఒకే ప్రసంగంలో చూపదలచిన పరిశోధకునికి తెర ఆకారం అడ్డు వస్తుంది. సభామందిరంలో రెండు తెరలుండి, వాటి వెడల్పు, ఎత్తుల నిష్పత్తులు వేరువేరైతే ఇబ్బంది మరింత పెరుగుతుంది. రెండు తెరలపైనా స్లయిడ్ ఒకే క్షణాన మారాలి. ఏ తెరపైనా చిత్రం అంచు తెగకూడదు. మొదటిది కాలానికి సంబంధించిన అవసరం, రెండవది చట్రానికి సంబంధించినది. స్లయిడ్ ప్రొజెక్టర్ల యుగం ఈ రెండింటినీ విడివిడిగా పరిష్కరించుకొంది. కంప్యూటర్ యుగం వాటిని ఒకటిగా ముడివేయడం వల్లనే నేటి చిక్కు ఏర్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ప్రపంచ ప్రదర్శనల ప్రయోగాలు

1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవాకియాకు చెందిన రంగస్థల రూపకర్త యోసెఫ్ స్వోబోదా, దర్శకుడు ఎమిల్ రాదోక్ కలిసి ‘పోలీఎక్రాన్’ను ప్రదర్శించారు. ప్రాగ్ నగరపు వసంత సంగీతోత్సవం దాని ఇతివృత్తం. వేరువేరు కోణాలలో వేలాడదీసిన 8 తెరలలో కొన్ని చతురస్రాలు, కొన్ని సమలంబ చతుర్భుజాలు. వాటిపైకి 8 స్లయిడ్ ప్రొజెక్టర్లు, 7 ఫిల్మ్ ప్రొజెక్టర్లు చిత్రాలను ప్రసరింపజేశాయి. యంత్రాలన్నిటినీ అయస్కాంత టేపుపై నమోదైన ఆదేశాలు నడిపించాయి. తెరల ఆకారాలు వేరైనా వాటి కాలం ఒక్కటే.

మరుసటి సంవత్సరం మాస్కోలోని సోకోల్నికి ఉద్యానంలో జరిగిన అమెరికన్ ప్రదర్శనలో చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మరో మార్గం ఎంచుకొన్నారు. ‘గ్లింప్సెస్ ఆఫ్ ది యూఎస్ఏ’ కోసం 20 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పు గల 7 తెరలను అమర్చి, 2,200కు పైగా చిత్రాలను సుమారు 12 నిమిషాలలో చూపారు. నిశ్చల చిత్రాలను కూడా ఫిల్మ్ చుట్టలపైకి మార్చి, ఏడు ప్రొజెక్టర్లనూ జోడించి నడిపారు. తెరలన్నిటికీ ఒకే కొలత ఉన్నందున చట్రం సమస్య అక్కడ తలెత్తలేదు. ఆ సమస్యను స్వోబోదా మాత్రం ఎదురుగా స్వీకరించి, ఏ తెరకు ఆ తెర చిత్రాన్ని సిద్ధం చేయించాడు.

1967లో మాంట్రియల్ ప్రదర్శనలోని ‘డయాపోలీఎక్రాన్’ ఈ పద్ధతికి విస్తృత రూపం. అందులో ముందుకూ వెనుకకూ కదిలే 112 ఘనాకార పెట్టెలు, ఒక్కొక్క దానిలో రెండేసి స్లయిడ్ ప్రొజెక్టర్లు, మొత్తం దాదాపు 15,000 స్లయిడ్లు ఉండేవి.

టేపుపై సంకేతం

1961లో వచ్చిన కొడాక్ కరౌసెల్ ప్రొజెక్టర్ ఈ విద్యను తరగతి గదులకూ, సభామందిరాలకూ చేరువ చేసింది. సాధారణ 35 మిల్లీమీటర్ల స్లయిడ్‌లో చిత్రం కొలత 24×36 మిల్లీమీటర్లు, అంటే 3:2. దానిని అడ్డంగానూ నిలువుగానూ పెట్టవచ్చు. అందుకే నాటి తెరలలో చాలా భాగం చతురస్రాకారంలో ఉండేవి. టేపులో ఒక జాడ ధ్వనికి, మరొకటి సంకేతానికి కేటాయించేవారు. ఆ సంకేతం మోసుకొచ్చే ఆదేశం ‘ఇప్పుడు మార్చు’ అన్నది ఒక్కటే. మారబోయే చిత్రం అడ్డమా నిలువా, దాని అంచులు ఎక్కడ ఉన్నాయి అన్న విషయాలతో దానికి పని లేదు. చట్రం బాధ్యత స్లయిడ్‌దే. పద్ధతి విజయానికి ఈ శ్రమవిభజనే మూలం.

కంప్యూటర్ తెచ్చిన చిక్కు

1987లో మాకింటోష్ కోసం వెలువడిన పవర్‌పాయింట్ క్రమంగా ఈ యంత్రాల స్థానాన్ని ఆక్రమించింది. కంప్యూటర్ తెరకు దీర్ఘకాలం ప్రమాణంగా నిలిచిన 4:3 నిష్పత్తి టెలివిజన్ నుండి, దానికి ముందు మూకీ చలనచిత్రం నుండి వచ్చిన వారసత్వం. హెచ్‌డీ టెలివిజన్‌తో 16:9 వ్యాపించింది. 2013 పవర్‌పాయింట్ దానినే సహజ కొలతగా స్వీకరించింది: 10 అంగుళాల వెడల్పు 13.33 అంగుళాలు కాగా, 7.5 అంగుళాల ఎత్తు మారలేదు.

పాత ప్రొజెక్టర్లు, పాత స్లయిడ్లు ఒక్కరోజులో అంతరించలేదు. ఒకే చిత్రాన్ని తెరలన్నిటిపైనా ప్రతిబింబింపజేయడం కంప్యూటర్‌కు సులభం కనుక, కాలంతో పాటు చట్రం కూడా ఉమ్మడి అయింది. దాని మూల్యాన్ని లెక్కగట్టవచ్చు. 16:9 స్లయిడ్‌ను 4:3 తెరపై పూర్తిగా చూపితే తెర ఎత్తులో నాలుగవ వంతు నల్లపట్టీలకు పోతుంది. తెర నిండేలా చూపితే స్లయిడ్ వెడల్పులో నాలుగవ వంతు తెగిపోతుంది. సాగదీస్తే వృత్తం దీర్ఘవృత్తమవుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమైన 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ వంటివాటిని పాత టెలివిజన్‌లో చూసినవారికి ఈ మూడు నష్టాలలో ఏదో ఒకటి పరిచితమే.

ముగింపు

వినోదంలో అంచు తెగితే అందం తగ్గుతుంది. పరిశోధనలో ఆధారం పోతుంది. తాళపత్రంలో పంక్తి చివరి అక్షరాలు, పటంలో కొలమానం, శాసనం కుడి అంచున శిథిలమైన భాగం తరచుగా వాదానికి కీలకాలు. అవి తెరపై లేకపోతే శ్రోతకు ప్రశ్నించే అవకాశమే ఉండదు. పరిష్కారం పాత టేపులోనే ఉంది. ఒకే ప్రసంగానికి రెండు నిష్పత్తులలో రెండు ప్రతులు సిద్ధం చేసి, రెండింటిలోనూ స్లయిడ్ల సంఖ్యనూ వరుసనూ సమానంగా ఉంచి, మార్పు సంకేతాన్ని మాత్రమే ఉమ్మడి చేస్తే చాలు. ఒక తెరకు అవసరం లేనిచోట ఖాళీ స్లయిడ్ ఆ వరుసను కాపాడుతుంది. రెండు ప్రతుల శ్రమ అదనమే. కానీ ఏ అంచును వదులుకోవాలో నిర్ణయించే అధికారం యంత్రం చేతి నుండి పరిశోధకుని చేతికి తిరిగి వస్తుంది.