పాతాళగంగ మెట్లు, చెంచుల త్రోవ



శ్రీశైలమున కృష్ణవేణికి పాతాళగంగ యని పేరు. మల్లికార్జునుని ఆలయము సముద్రమట్టమునకు సుమారు 1,500 అడుగుల ఎత్తున నున్నది. జలాశయము నిండినపుడు నీటిమట్టము 885 అడుగులు. అనగా నిండు జలము సైతము స్వామి కంటె ఆరు వందల అడుగుల లోతున నుండును. ఆనకట్టకు పూర్వము ఆ లోయ యెంత గంభీరమో యూహింపుడు! నల్లమలను చీల్చుకొని, ఇరువైపుల నిటారైన కొండచరియల నడుమ నది సాగుచుండెడిది.

అట్టి లోయలోనికి భక్తులు స్నానమునకు దిగవలెను గదా. కొండవీటి ప్రోలయ వేమారెడ్డి ఇచ్చట సోపానములు కట్టించెను. ఆ శతాబ్ది చివర విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ మరల మెట్లు వేయించినది. రాజులు మండపములు కట్టుట సహజమే. ముసలివారి మోకాళ్ళను తలచి మెట్లు కట్టించిన చేయి మరింత గొప్పదని నా అభిప్రాయము.

మెట్లు రాజులవి, త్రోవ మాత్రము చెంచులది. ఆత్మకూరు నుండి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా సాగు కాలిబాటనే 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారును నడిచిరి. పెంటలలో నివసించు చెంచులే యాత్రికులకు దారి చూపెడివారు.

నా బాల్యమున మా తండ్రిగారితో ఆ బాటను నడిచితిని. ముందు విల్లు పట్టుకొని ఒక వృద్ధ చెంచు. భీమునికొలను దిగునపుడు మా తండ్రిగారు రుద్రము చెప్పుకొనుచుండగా ఆయన వెనుదిరిగి, "మా అల్లుడి కాడికేగా సామీ, బయమెందుకు?" అనెను. స్వామి వేటకు వచ్చి చెంచుకన్యను వలచి పెండ్లాడెనని వారి గాథ. చెంచు మల్లయ్య యనియే వారు పిలుతురు. ఇది పురాణమున లేదని మా పాఠశాలలో కొందరు పెద్దలు కొట్టివేసెడివారు. మా తండ్రిగారు వైదికులైనను కాదనలేదు. "మనకు దేవుడు, వారికి చుట్టము, దగ్గరివా రెవరో నీవే చెప్పు" అనిరి. నాకు ఈనాటికిని సమాధానము దొరకలేదు.

1963లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట 1980 దశకమునకు పూర్తియైనది. పొలములు తడిసినవి, విద్యుత్తు వచ్చినది, కాదనరాదు. కాని ఎగువన ఊళ్ళకు ఊళ్ళు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తరలించిరి. నివృత్తి సంగమమందలి సంగమేశ్వరుడు ఏటా నెలల తరబడి నీటిలోనే యుండును. అరణ్యము పులుల అభయారణ్యమైన పిదప చెంచుపెంటల బ్రదుకును మారినది. బస్సులు వచ్చిన తరువాత దారి చూపువారితో పని లేకపోయెను.

శివరాత్రి రథము లాగుటకు మాత్రము చెంచులు నేటికిని వచ్చెదరు. వేసవిలో నీరు తీసినపుడు పాతాళగంగ వద్ద మరికొన్ని మెట్లు బయటపడును. రోప్‌వేలో దిగువారు సైతము అచ్చట కొంత దూరము కాలినడకనే పోవలెను.